కట్టా: ముంగేర్ కొలిమి నుంచి ఉక్కునగరం బస్తీ దాకా

సింగ్‌భూమ్ చరిత్ర – తొమ్మిదో భాగం

1900 జనవరి 9న డోంబారీ బురు కొండ మీద బిర్సా ముండా అనుచరుల విల్లంబులకూ బ్రిటిష్ బలగాల రైఫిళ్లకూ మధ్య జరిగిన అసమాన పోరు గత భాగంలో వివరింపబడింది. ఆ పోరులో ఓడి, అదే ఏడాది జూన్ 9న రాంచీ జైలులో పాతికేళ్లైనా నిండకుండా కన్నుమూసిన ఆ వీరుడి పేరు మీదనే సింగ్‌భూమ్‌లోని జంషెడ్‌పూర్ నగరపు తూర్పు భాగంలో, టెల్కో కర్మాగారానికి దాపున, బిర్సానగర్ అనే విశాలమైన బస్తీ వెలసింది. విల్లంబుల వీరుడి పేరు పెట్టుకున్న ఈ బస్తీలోనూ, దాని చుట్టూ ఉన్న ఉక్కునగరంలోనూ నేరవార్తలు చదివే వారికి 'దేశీ కట్టా' అన్న మాట చిరపరిచితం. ఒక్క తూటా మాత్రమే పట్టే, అరచేతి కంటే కాస్త పెద్దదైన, ఏ కంపెనీ ముద్రా లేని నాటు పిస్తోలును ఉత్తర భారతమంతటా ఆ పేరుతో పిలుస్తారు. ఒక ప్రాంతపు స్వభావానికి గుర్తుగా, ఆ ప్రజల మీద మచ్చగా చూడబడుతున్న ఈ చవక ఆయుధం నిజానికి రెండున్నర శతాబ్దాల రాజ్యవిధానాల సృష్టి అని నిరూపించడమే ఈ భాగం ఉద్దేశం.

మాటల్లో దాగిన చరిత్ర

తెలుగువారు అచ్చతెలుగు మాటలా వాడుకునే 'తుపాకి' తుర్కీ భాషలోని 'తుఫెక్', పారశీకంలోని 'తుఫంగ్' అన్న పదాలకు బంధువు. 'ఫిరంగి' ఐరోపావారిని 'ఫరంగీలు' అని పిలిచిన పారశీక వాడుక నుంచి వచ్చింది. తెలుగు పత్రికలు నాటు పిస్తోలుకు వాడే 'తపంచా', హిందీవారి 'తమంచా', తుర్కీవారి 'తబంజా' ఒకే మాటకు మూడు రూపాలు. గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకిని తెలంగాణ పల్లెల్లో 'భర్మార్' అన్నారు. హిందీలో 'భర్' అంటే నింపు, 'మార్' అంటే కొట్టు అని అర్థం కనుక, ఆ ఆయుధం పనిచేసే తీరే దాని పేరైంది. ఈ మాటలన్నీ వర్తకులతో, సైనికులతో, చేతిపనివారితో కలిసి దేశంలోకి వచ్చి స్థిరపడ్డాయి; వారిలో చేతిపనివారి కథను చెప్పుకోవాలంటే గంగ ఒడ్డున ఉన్న ముంగేర్ పట్టణానికి వెళ్లాలి.

మీర్ కాసిం ఆయుధశాల

1760లో ఈస్టిండియా కంపెనీ అండతోనే బెంగాల్ నవాబైన మీర్ కాసిం, ఆ అండకు చెల్లించవలసి వచ్చిన మూల్యాన్ని త్వరలోనే గ్రహించి, కలకత్తాకు చేరువలో ఉన్న ముర్షిదాబాద్‌ను విడిచి 1762 నాటికి తన రాజధానిని ముంగేర్ కోటకు మార్చాడు. అక్కడ ఆర్మీనియా సంతతికి చెందిన గుర్గిన్ ఖాన్ అనే సేనాని పర్యవేక్షణలో ఐరోపా పద్ధతి సైన్యాన్ని, దానికి కావలసిన తుపాకులను, ఫిరంగులను తయారు చేసే ఆయుధశాలను నెలకొల్పాడు. ఆనాటి తుపాకి చెకుముకి తుపాకి. అంటే మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను రాసుకొని నిప్పురవ్వ పుట్టించి, ఆ రవ్వ మందును అంటించే యంత్రాంగం కలది. ముంగేర్‌లో తయారైన తుపాకులు కంపెనీ సైన్యం కోసం ఇంగ్లండు నుంచి వచ్చిన వాటి కంటే మేలైనవని, వాటికి వాడిన రాజమహల్ కొండల చెకుముకి రాయి కూడా శ్రేష్ఠమైనదని, పోల్చి చూసిన ఆంగ్ల అధికారులే అంగీకరించినట్లు 'సియర్ ముతాఖరీన్' అనే ఆనాటి చరిత్ర గ్రంథపు అనువాదకుడు నమోదు చేశాడు. ముంగేర్ కమ్మరి నైపుణ్యానికి దొరికిన తొలి ధ్రువపత్రం అది. ఇచ్చింది శత్రుపక్షమే కనుక దాని విలువ మరింత ఎక్కువ.

ఆయుధశాల నవాబును కాపాడలేకపోయింది. 1763 అక్టోబరులో ముంగేర్ కోట కంపెనీ వశమైంది. మరుసటి ఏడాది అక్టోబరు 22న బక్సర్ యుద్ధంతో మీర్ కాసిం రాజకీయ జీవితమే ముగిసింది. తెలుగు పాఠకులకు ఇటువంటి కథ హైదరాబాదులోనూ కనిపిస్తుంది. ఫ్రెంచి సేనాని రేమాండ్ నిజాము కోసం 1795లో నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం, 1798లో నిజాము కంపెనీతో సైన్యసహకార ఒప్పందం చేసుకొని ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడంతో వైభవం కోల్పోయి, ఇప్పుడు గన్‌ఫౌండ్రీ అనే పేటగా, 'తోప్ కా సాంచా' అన్న పేరుగా మాత్రమే మిగిలింది. హైదరాబాదులో పేరు మిగిలి పని పోయింది. ముంగేర్‌లో రాజు పోయినా పని మిగిలింది. కోటను కోల్పోయిన కమ్మరులు తమ విద్యను కోల్పోలేదు. తండ్రి నుంచి కొడుక్కు అది సాగుతూ వచ్చింది. 1848లో ఆ దారిన వెళ్లిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ముంగేర్‌ను తుపాకుల తయారీలో బెంగాల్‌కు బర్మింగ్‌హామ్ వంటిదిగా వర్ణించాడు. 1862లో పక్కనే ఉన్న జమాల్‌పూర్‌లో రైల్వే కర్మాగారం ప్రారంభమైనప్పుడు, ఆ ప్రాంతపు ఇనుప పనివారికి లేత్ యంత్రం, కొలతల కచ్చితత్వం కూడా అలవడ్డాయి.

లైసెన్సు రాజ్యం

1857 తిరుగుబాటు బ్రిటిష్ పాలకులకు నేర్పిన మొదటి పాఠం ప్రజల చేతుల్లో ఆయుధాలు ఉండరాదన్నది. ఆ ఏడాదిలోనూ, తిరిగి 1860లోనూ వచ్చిన చట్టాలు దీనికి పునాది వేయగా, లిట్టన్ ప్రభువు వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన 1878 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ లైసెన్సు పద్ధతిని విస్తరించింది. ఆయుధం తయారు చేయాలన్నా, అమ్మాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కాగా, నిబంధనల ద్వారా ఐరోపావారికి మినహాయింపు దక్కింది. కొడగు ప్రజల వంటి కొద్దిమందిని ప్రత్యేకంగా విడిచిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత గాని నిబంధనల్లోని జాతి భేదం తొలగలేదు. గాంధీజీ ఈ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన ఘోరాల్లో ఒకటిగా ఎంచాడు; 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానం, తగిన నిబంధనలకు లోబడి ఆయుధం ధరించడాన్ని పౌరుడి ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. స్వతంత్ర భారత రాజ్యాంగంలో ఆ హక్కుకు చోటు దక్కలేదు. 1959లో పార్లమెంటు చేసిన కొత్త ఆయుధాల చట్టం 1962లో అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది గాని, లైసెన్సు పద్ధతి అలాగే కొనసాగింది.

ఈ చట్టాల బరువు కొనేవాడి మీద కంటే తయారు చేసేవాడి మీద ఎక్కువగా పడింది. ముంగేర్‌లో లైసెన్సు పొందిన సుమారు మూడు డజన్ల చిన్న సంస్థలకు ఒంటి గొట్టం, జంట గొట్టాల వేట తుపాకులు మాత్రమే, అదీ ప్రభుత్వం నిర్ణయించిన సంఖ్యకు లోబడి, తయారు చేసే అనుమతి మిగిలింది. వేటను చట్టం నిషేధించడం, పొలం కాపలాకు కూడా లైసెన్సు దొరకడం కష్టం కావడం, ఉన్న కొనుగోలుదారులు రివాల్వర్ల వైపు మొగ్గడం వంటి కారణాలతో వేట తుపాకికి గిరాకీ ఏటేటా పడిపోయింది. లోపల పనిలేని పనివాడు ఉన్నాడు. బయట అనుమతిలేని కొనుగోలుదారుడు ఉన్నాడు. ఇద్దరినీ కలిపినది కట్టా.

చవక పిస్తోలు – ప్రపంచపు అనుభవం

చవక చేతి తుపాకి బీహారుకో జార్ఖండుకో ప్రత్యేకమైనదని అనుకోవడం చరిత్రకు విరుద్ధం. అమెరికాలో హెన్రీ డెరింజర్ తయారు చేసిన జేబు పిస్తోలుకు లెక్కలేనన్ని నకళ్లు పుట్టాయి. 1865 ఏప్రిల్ 14న అబ్రహాం లింకన్ మీద పేలినది ఆ రకం ఒంటి తూటా పిస్తోలే. ఇంగ్లండులోని వెబ్లీ సంస్థ 1872లో విడుదల చేసిన 'బుల్‌డాగ్' అనే పొట్టి రివాల్వరుకు బెల్జియంలోని లియేజ్ నగర కార్ఖానాలు వేల సంఖ్యలో చవక నకళ్లు చేశాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద పేలినది బుల్‌డాగ్ రకం ఆయుధం. మొదటి ప్రపంచ యుద్ధంలో పిస్తోళ్లు చాలక ఫ్రాన్సు స్పెయిన్‌లోని ఐబార్ పట్టణాన్ని ఆశ్రయించగా, అక్కడి చిన్న చిన్న కార్ఖానాలు పనిని పంచుకొని 'రూబీ' అనే పిస్తోళ్లను భారీగా తయారు చేశాయి. ఒక కార్ఖానా పిస్తోలు భాగం మరో కార్ఖానా పిస్తోలుకు సరిపోకపోవడం వాటి ప్రధాన లోపం. అమెరికాలో ఇటువంటి నాసిరకపు చిన్న ఆయుధాల దిగుమతికి అడ్డుకట్ట వేయడం 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం లక్ష్యాల్లో ఒకటి.

లియేజ్, ఐబార్, ముంగేర్ పట్టణాలలో చేతిపని తీరు ఒక్కటే అయినా, వాటిని విడదీసే అంశం ఒకటుంది. దానిని 'ప్రూఫ్' పరీక్ష అంటారు. కొత్త గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి, అది పగలకుండా నిలిస్తేనే ముద్ర వేసి అమ్మకానికి అనుమతించే ఈ పద్ధతి లియేజ్‌లో పదిహేడో శతాబ్దం నుంచే ఉంది; బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. కొనేవాడి ప్రాణానికి తయారీదారు పూచీపడే ఏర్పాటు అది. కట్టాకు ఆ పూచీ లేదు. గొట్టం చీలి పేల్చిన వాడి వేళ్లు, కళ్లు పోయే ప్రమాదం దానితో ఎప్పుడూ పొంచి ఉంటుంది. గొట్టంలో సరైన గాడులు లేనందువల్ల తూటా ఎటు వెళ్తుందో చెప్పలేక, గురిపెట్టని వారు కూడా బలి అవుతారు. కనుక కట్టా చవక అనడం సగం నిజమే. దాని అసలు వెలను చేతులు కోల్పోయిన వాడు, దారిన పోతూ నేలకొరిగిన వాడు చెల్లిస్తారు.

చట్టం గీసిన గీత, తూటా తీసుకున్న రూపం

ఉత్తర భారత పోలీసు పత్రాల్లో '315 బోర్ కట్టా', '12 బోర్ కట్టా', '7.65 పిస్తోలు' అన్న మాటలు పదే పదే కనిపిస్తాయి. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. 315 అన్నది అంగుళంలో వెయ్యింట 315 వంతులు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. వేట తుపాకి లెక్క వేరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత వెడల్పు ఉంటుందో అంత వెడల్పు గొట్టమున్నది 12 బోర్. 7.65 మిల్లీమీటర్ల తూటా, అమెరికా దేశపు రూపశిల్పి జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలు కోసం పందొమ్మిదో శతాబ్దం చివరలో బెల్జియంలో పుట్టింది.

ఈ అంకెల వెనుక చట్టం ఉంది. సైన్యం వాడే 303 తూటా పౌరుల చేతికి చిక్కితే సైనిక తూటాల దొంగతనం పెరుగుతుందన్న భయంతో, బ్రిటిష్ ప్రభుత్వం ఆ కొలతను నిషేధించి, పౌరుల వేట రైఫిళ్లకు 315 కొలతను అనుమతించింది. స్వతంత్ర భారతంలో కూడా 'నిషిద్ధ బోర్', 'అనిషిద్ధ బోర్' అన్న ఈ విభజన కొనసాగింది. మొదటిది సైన్యానికీ పోలీసులకూ, రెండోది లైసెన్సున్న పౌరులకూ చెందుతుంది. పర్యవసానంగా బజారులో లైసెన్సు మీద దొరికే తూటాలు 315, 12 బోర్, 32 వంటివి మాత్రమే అయ్యాయి. దొంగచాటుగా తయారైన ఆయుధం సహజంగానే దొరికే తూటాకు తగినట్లు రూపుదిద్దుకుంది. కట్టాను పుట్టించిన కొలిమి ముంగేర్‌దే అయినా, దాని కొలత ప్రభుత్వ జాబితా నుంచి వచ్చింది. చట్టబద్ధంగా అమ్ముడైన తూటా దారి తప్పకుండా సాధారణంగా కట్టా పేలదు. కట్టా మీద జరిగే చర్చల్లో తూటా ప్రస్తావన అరుదుగా రావడం పెద్ద లోపం.

కొరత కాలపు పోరాటాలు

ఆయుధాల చట్టం కలిగించిన కొరత ఎంత తీవ్రమైనదో స్వాతంత్ర్యోద్యమ ఘట్టాలు చెబుతాయి. 1914 ఆగస్టు 26న కలకత్తాలోని రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకు నుంచి బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను తప్పించారు. సింగ్‌భూమ్‌కు పొరుగున ఉన్న బాలాసోర్ దగ్గర 1915 సెప్టెంబరు 9న బాఘా జతిన్, అతడి సహచరులు పోలీసులను ఎదుర్కొన్నది ఆ పిస్తోళ్లతోనే. తెలుగునాట 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించి 26 తుపాకులను, రెండున్నర వేల తూటాలను స్వాధీనం చేసుకున్నాడు. ప్రజల దగ్గర ఆయుధమే లేని దేశంలో ఠాణా తప్ప మరో ఆయుధశాల లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లెదళాలు తొలినాళ్లలో వడిసెలలతో, భర్మార్లతోనే నిలిచాయి. ఈ ఘట్టాలను నేటి నేరస్థుడి కట్టాతో ఒక గాటన కట్టడం అపచారం. అయినా కొరత ఉన్న చోట ఆయుధం దొంగిలించబడుతుంది లేదా దొంగచాటుగా తయారవుతుంది అన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

ఉక్కునగరంలో కట్టా

1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ సాక్చీ గ్రామం దగ్గర కర్మాగారం కట్టి, 1912లో తొలి ఉక్కు దిమ్మెను తీసింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. 1945లో టాటాలదే మరో సంస్థ, టెల్కో, పుట్టింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన శ్రామికుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్రా అసోసియేషన్ వారి సామూహిక జీవితానికి నిదర్శనాలు. 'టాటాకు పోయినారు' అంటే ఉత్తరాంధ్ర పల్లెల్లో కొలువు దొరికిందని అర్థం. అయితే కంపెనీ క్వార్టర్లు అందరికీ సరిపోలేదు. కర్మాగారాల చుట్టూ పెరిగిన బస్తీలలో లక్షలాది మంది ఇళ్లు కట్టుకొని తరాలుగా నివసిస్తున్నా, వారి నేల మీద వారికి యాజమాన్య హక్కు దక్కలేదు; '86 బస్తీల మాలికానా హక్కు' అన్న నినాదం దశాబ్దాలుగా ఇక్కడి ఎన్నికల్లో వినిపిస్తున్నది. జోన్ల అంకెలతో గుర్తించబడే బిర్సానగర్ చరిత్ర కూడా ఈ కథలో భాగమే.

పత్రం లేని నేల ఉన్న చోట కొలతల గొడవలు, ఇసుక, తుక్కు, ఠేకేదారీ వ్యాపారాల్లో పోటీ ఉన్న చోట బెదిరింపులు పుట్టడం ఏ పారిశ్రామిక నగరానికైనా అనుభవమే. అటువంటి బెదిరింపుకు కట్టా సాధనమైంది. ఉక్కునగరం తుపాకి హింసను పైస్థాయిలోనూ చూసింది. టాటా వర్కర్స్ యూనియన్ అధ్యక్షుడు వి.జి. గోపాల్ 1993 అక్టోబరులో కాల్పులకు బలయ్యారు. కానీ సాధారణంగా కట్టాకు చిక్కేది పేరులేని యువకుడు. పేల్చేదీ అతడే, పడిపోయేదీ అతడి వంటివాడే. పొద్దున్నే సైకిలు మీద, ఆటోలో, కాలినడకన పనికి పోయే బిర్సానగర్ వాసుల్లో అత్యధికులకు ఆ ఆయుధంతో ఏ సంబంధమూ లేదు. దాని భయం మాత్రం వారందరిదీ.

ఠాణా ఒరలోని పాత రివాల్వర్

చట్టం పక్షాన ఉన్న చేతి తుపాకి కథ కూడా అరుగుదల కథే. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ రూపొందిన వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ సంస్థల 38 బోర్ రివాల్వర్లు స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు భారత పోలీసు దరోగాల (ఠాణా అధికారుల) నడుముకు వేలాడాయి. రివాల్వర్ అంటే ఆరు తూటాల గుండ్రని అర తిరుగుతూ ఒక్కో తూటాను గొట్టం వెనుక కొసకు ఎదురుగా తెచ్చే పిస్తోలు. నలుపు పూత పోయి, పిడి నునుపెక్కి, తరాలు చేతులు మారినా అవి పనిచేశాయంటే, ప్రూఫ్ ముద్ర, ఏటా జరిగే తనిఖీ, ప్రతి తూటాకూ లెక్క వాటికి ఉండటమే కారణం. వెబ్లీ నమూనాను అనుసరించి కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం పౌరుల కోసం 32 బోర్ రివాల్వర్ చేసింది. 2014లో మహిళల కోసమని విడుదలైన తేలికపాటి 'నిర్భీక్' ధర అప్పట్లో 1.22 లక్షల రూపాయలు. ఒక శ్రామికుడి ఏడాది జీతాన్ని మింగే చట్టబద్ధ ఆయుధానికీ, కొన్ని వేలకు దొరికే చట్టవిరుద్ధ ఆయుధానికీ నడుమ ఉన్న ఈ అగాధంలోనే కట్టా బజారు నిలిచి ఉంది. ఇక పట్టుబడిన కట్టాలు చేరే చోటు ఠాణాలోని మాల్‌ఖానా. అంటే కేసు తేలేదాకా సాక్ష్యాలను భద్రపరిచే గది.

శిక్ష ఒక్కటే చాలునా?

2018లో జబల్‌పూర్ సైనిక డిపో నుంచి దారి తప్పిన ఏకే-47 రైఫిళ్లు ముంగేర్ జిల్లా బర్దహ్ గ్రామపు బావుల్లో దొరకడం దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. మరుసటి ఏడాది పార్లమెంటు ఆయుధాల చట్టాన్ని సవరించి, అక్రమ తయారీకి, అమ్మకానికి కనీస శిక్షను మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెంచి, గరిష్ఠ శిక్షను యావజ్జీవంగా నిర్ణయించింది. ఒక వ్యక్తి ఉంచుకోగల లైసెన్సు ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరంగా కాల్పులు జరపడాన్ని ప్రత్యేక నేరంగా ప్రకటించింది. ఇవి అవసరమైన చర్యలే. కానీ 1878 నుంచి నేటిదాకా చట్టాలు శిక్ష మీదనే ఆధారపడ్డాయి తప్ప కొలిమి ముందు కూర్చున్న పనివాడికి మరో పని చూపలేదు. లైసెన్సు కార్ఖానాలు మూతపడే కొద్దీ ముంగేర్ పనివారు పొరుగు రాష్ట్రాలకు తరలి, అక్కడ దొంగచాటు కార్ఖానాల్లో కూలికి పనిచేస్తూ పట్టుబడుతున్నారు. అంటే శిక్ష విద్యను అణచలేదు, దానిని ఊరూరా వెదజల్లింది.

చరిత్ర ఇచ్చే తీర్పు స్పష్టంగా ఉంది. మీర్ కాసిం కాలంలో ఇంగ్లండు తుపాకిని మించిన వస్తువును చేసిన చేతులు, జమాల్‌పూర్‌లో రైలింజన్లకు పనిచేసిన చేతులు, న్యాయమైన పని దొరికినంత కాలం కట్టా చేయవలసిన అగత్యం లేకుండా బతికాయి. జంషెడ్‌పూర్ పక్కనే ఆదిత్యపూర్‌లో వందలాది చిన్న కర్మాగారాలు లేత్ పనివారి మీదనే నడుస్తున్నాయి. ముంగేర్ పనివాడికి అటువంటి చోట గౌరవమైన కూలి, బిర్సానగర్ కుటుంబానికి తన ఇంటి నేల మీద పత్రం, అమ్ముడైన ప్రతి తూటాకూ కచ్చితమైన లెక్క, ఈ మూడూ సమకూడిన రోజున కట్టా మాల్‌ఖానా నుంచి మ్యూజియానికి చేరుతుంది. ఆ మూడింటినీ కోరడం బిర్సా పేరు పెట్టుకున్న బస్తీకి ఉన్న హక్కు. వాటిని సమకూర్చడం పాలకుల బాధ్యత.

(వచ్చే భాగంలో: సాక్చీ నుంచి టెల్కో దాకా కార్మిక వలసలు)